చెట్టు తొర్రలో పుస్తకాల డబ్బా

మా చెల్లెలు ఉండేది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో. కిందటి అక్టోబర్‌లో నేను వెళ్ళినప్పుడు "అక్కా, దాచిన డబ్బా వెతుకుదాం పద" అంటూ క్వాబిన్ రిజర్వాయర్ వైపు తీసికెళ్ళింది. చెట్లన్నీ ఎరుపూ పసుపూ, మధ్యలో కదలని నీళ్ళు!

ఈ ఆటని జియోక్యాషింగ్ అంటారు. 2000లో ఆ దేశంలోనే మొదలైందట. ఎవరో డబ్బా దాచి అక్షాంశ రేఖాంశాలు చెబుతారు, మనం సెల్‌ఫోన్ పట్టుకుని వెతుక్కోవాలి. ఫోను దగ్గరిదాకానే తెస్తుంది, ఆఖరి నాలుగడుగులూ మన కళ్ళదే భారం. అరగంట తిరిగాక ఓ చెట్టు తొర్రలో దొరికింది, మన పచ్చళ్ళ డబ్బాలాంటిదే. లోపల నాలుగు పుస్తకాలు, సంతకాలకి ఓ నోటుబుక్కు. ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలి. నేను చేగోడీలు కూడా పెట్టబోయాను. తినేవి కూడదట, వాసనకి జంతువులొస్తాయి!

నాకు దొరికింది ఆ రిజర్వాయర్ పాత ఫోటోల పుస్తకం. బోస్టన్ మంచినీళ్ళ కోసం 1938లో డానా, ఎన్‌ఫీల్డ్, గ్రీనిచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్ళని రద్దు చేశారు. 7 వేలకు పైగా సమాధుల్ని సైతం తవ్వి వేరేచోటికి మార్చారు.

మా అమ్మ పుట్టిల్లు శ్రీశైలం ప్రాజెక్టులో మునిగింది. నాకప్పటికి ఊహ కూడా తెలీదు. ఎండాకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు అమ్మ వెళ్ళి దణ్ణం పెట్టుకునేది. తర్వాత నీళ్ళవైపు చెయ్యి చూపించి "అదిగో, మా వంటిల్లు" అనేది. నేను నవ్వేదాన్ని.

ప్రయాణంలో చదువుకుందామని తెచ్చుకున్న తెలుగు నవల డబ్బాలో పెట్టాను. "ఇక్కడెవరు చదువుతారక్కా?" అంది చెల్లెలు. మొదటి పేజీలో అమ్మ ఊరి పేరు రాసి మూత పెట్టేశాను.