రెండు వైపుల నుంచీ తెరిచే పుస్తకం

పసిపిల్లల అట్ట పుస్తకాలు తొందరగా చావవు. చప్పరించినా, పాలు ఒలికినా, మంచం కిందికి విసిరేసినా తట్టుకుంటాయి. పిల్లలు పెద్దవాళ్లయిపోతారు, పుస్తకాలు మాత్రం బీరువా మీద మిగిలిపోతాయి.

మా ఇంట్లో అలాంటివి మూడు మిగిలాయి. ఒకటి తెలుగు అక్షరాలది, రెండు ఇంగ్లీషువి. ఉర్దూది ఒక్కటీ లేదు. మా చిన్నప్పటి ఉర్దూ కాయిదా పల్చటి కాగితానిది. ఏడాది తిరిగేసరికి పీలికలయ్యేది. అయినా చెత్తలో వేసేవాళ్లు కాదు. దాదీమా ఆ ముక్కలేరి గోడ గూట్లో పెట్టేది. పుస్తకానికి కాలు తగిలితే పక్కింటివాళ్లు కళ్లకద్దుకునేవాళ్లు. అక్షరమంటే మర్యాద రెండిళ్లలోనూ ఒకటే.

తెలుగు పుస్తకంలో అ అంటే అమ్మ. చీర, బొట్టు, జడలో పూలు. మా బిడ్డ మూడేళ్లప్పుడు ఆ బొమ్మ మీద వేలుపెట్టి, 'ఇది ఎవరి అమ్మీ?' అనడిగింది. ఏం చెప్పాలి? బొమ్మ గీసినాయన మీద మాకేం కోపం లేదు. తనకు తెలిసిన అమ్మను గీశాడు. కానీ ఎన్ని పుస్తకాల్లో, ఎన్నేళ్లుగా మా అమ్మలు కనబడలేదో ఎవరైనా లెక్కపెట్టారా? తెలుగు మాది కూడా అని చెప్పుకోవాల్సి రావడం ఈ మొదటి పేజీ నుంచే మొదలవుతుంది.

అందుకే ఆ పుస్తకాన్ని మళ్లీ తయారుచేసుకున్నాం. అక్క మనవడి బిస్మిల్లా దగ్గరపడింది. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకి చదువు మొదలుపెట్టించడం మాలో ఆనవాయితీ. వాడికివ్వాలని.

పని కష్టమేం కాదు. అట్ట మీది నున్నటి మెరుపును గరుకు కాగితంతో రుద్దాలి. లేకపోతే జిగురు పట్టదు. గుడ్డలూ జరీ అతికిస్తే పుస్తకం ఉబ్బి మూతపడదు కాబట్టి, ఒక అట్ట విడిచి ఒక అట్టను వెన్ను దగ్గర కోసి తీసేయాలి. మైదాతో కాచిన లై ఉంటే చాలు. అమ్మీ పెళ్లినాటి ఖడా దుపట్టా చిరిగిపోయి అంచు మాత్రం మిగిలింది. ఆ గోటానే అట్ట చుట్టూ వేశాం.

బొట్టు పెట్టుకున్న అమ్మను చెరపలేదు. ఆమె పక్కనే, తలమీద దుపట్టాతో ఉన్న మా నానీమా ఫోటో అతికించాం. ఇద్దరి కిందా ఒకే అ.

తెలుగు ఎడమ నుంచి కుడికి, ఉర్దూ కుడి నుంచి ఎడమకి. అదే పుస్తకాన్ని వెనకట్ట నుంచి తెరిస్తే కాయిదా అయింది. అలిఫ్, బే, పే కలంతో రాశాం. నస్తాలీఖ్ రాయడం తేలిక కాదు. ఒకప్పుడు ఉర్దూ పత్రికలు కాతిబులు చేత్తో రాసినవే. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక ఆ కలాలు మెల్లగా మూలపడ్డాయి.

2017లో తెలంగాణ మొత్తానికీ, 2022లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ ఉర్దూ రెండో అధికార భాష అయింది. సంతోషం. కానీ బోర్డుమీది ఆ అక్షరాల్ని మా పిల్లలు చదవగలరా? ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, రాయమంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. దాదీమా ఉత్తరాలు వాళ్లకు వట్టి గీతలు. మాటను చెవి దాచుకుంటుంది. రాతను ఎవరు దాచాలి?

రెండు వైపుల పేజీలూ కలిసే చోట మనవడి పేరు రెండు లిపుల్లోనూ రాశాం. చూసిన మిత్రుడొకాయన, 'ఇంతకీ ఇది తెలుగు పుస్తకమా, ఉర్దూ పుస్తకమా?' అన్నాడు. ఉర్దూలో విని తెలుగులో రాసే ఉద్యోగం మాది. ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. తెలుగు సభలో 'మీ తెలుగు బాగుందే' అంటారు, ఉర్దూ సభలో 'తెలుగు పేపరోళ్లు' అంటారు. ఎటు వెళ్లినా మేం అటునుంచి వచ్చినవాళ్లమే!

వాడు ఏ వైపు నుంచి తెరుస్తాడో మేం చెప్పం. మీ బీరువా మీదా ఒక అట్ట పుస్తకం ఉండే ఉంటుంది. దించి చూడండి. మొదటి పేజీలో మీ అమ్మ ఉందా?