రేపటికి ఉండని తీపి

తీపి ఏదైనా సరే, మా నెల్లూరు వైపు ఇళ్ళల్లో మొదట అడిగేది ఎట్లా ఉందని కాదు, ఎన్నాళ్ళుంటుందని. సంక్రాంతికి వండిన అరిసెలు నెలాఖరు దాకా డబ్బాలో ఉండాలి. మలై కాజా కనీసం మద్రాసు రైలెక్కి దిగేదాకా ఆగాలి. కూతురికి సారె పెట్టినా, కొడుక్కి అమెరికా పెట్టె సర్దినా ఇదే లెక్క. అటువంటి చోట బెన్యే చేయడం కొంచెం తెగింపే.

బెన్యే అంటే ఫ్రెంచి వాళ్ళు పిండిని నూనెలో వేయించి చేసే తీపి. ఈస్టరు ముందటి నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యేలోపు, ఇంట్లో ఉన్న వెన్నా గుడ్లూ ఖర్చు చేసుకోవడానికి కార్నివాల్ రోజుల్లో వండుకునేవాళ్ళు. ఫ్రాన్సులో దీనికి చాలా రూపాలున్నాయి. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ ఊరు చదరపు ముక్కను పట్టుకుంది. అక్కడ 1862 నాటి కఫే డు మాండ్‌లో ప్లేటుకు మూడు పెట్టి, పైన చక్కెర పొడి గుట్టగా పోస్తారు. 1986లో లూసియానా దీన్ని రాష్ట్ర డోనట్‌గా ప్రకటించింది కూడా.

పావు కిలో మైదా, ఒక టీ స్పూను పొడి ఈస్టు, రెండు స్పూన్ల చక్కెర, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు, రెండు స్పూన్ల కరిగిన వెన్న. గోరువెచ్చని పాలతో చేతికి కాస్త అంటేంత మెత్తగా కలపాలి. చలిదేశాల వాళ్ళు పిండి పొంగడానికి వెచ్చటి చోటు వెతుక్కుంటారు. మా సముద్రం ఒడ్డున మైపాడు దగ్గర ఎండాకాలంలో ఆ బాధ లేదు, వంటింట్లో ఎక్కడ పెట్టినా గంటలోపే గిన్నె నిండిపోతుంది. తర్వాత చపాతీ కంటే బాగా మందంగా, పావు అంగుళం ఉండేట్టు వత్తి, చాకుతో చదరాలు కోయాలి. నూనె కాగిందా అని చిటికెడు పిండి వేసి చూడండి. అది అడుక్కి పోయి వెంటనే పైకి లేవాలి. కాగకముందే వేస్తే నూనె తాగి బరువెక్కుతుంది, మరీ కాగితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. సరిగ్గా ఉంటే పిండిలోని తడి ఆవిరై రెండు వైపులా ఉబ్బి, దిండులాగా తేలుతుంది. చిల్లుల గరిటెతో పైన కాగే నూనె చిమ్ముతుంటే ఇంకా పొంగుతుంది.

చక్కెర పొడి దగ్గరే మన సముద్రం అడ్డొస్తుంది. అప్పడాలే గంటకు మెత్తబడే ఊళ్ళో మిక్సీలో కొట్టిన చక్కెర సాయంత్రానికి గడ్డ కడుతుంది. దాంట్లో ఒక స్పూను మొక్కజొన్న పిండి కలిపితే కొంత ఆగుతుంది. ఈ తేమ వల్లే మనవాళ్ళు పొడి మాని పాకం పట్టారేమో అనుకున్నాను. కానీ న్యూ ఆర్లియన్స్‌దీ ఉక్కపోతే. వాళ్ళకు చక్కెర నిలవాల్సిన పని లేదు, వేయించిన వెంటనే తినేస్తారు, అంతే.

మా పెద్దమ్మ వచ్చి పళ్ళెం చూసింది. "ఏంది పాపా ఇది, పూరీలకు చక్కెర చల్లినావే? రేపటికి ఉంటాయా?"

"ఉండవు పెద్దమ్మా. ఇప్పుడే తినాల."

"అయితే పులిబొంగరాలు అని చెప్పరాదా!"

నేను దీన్ని కాజా పక్కన పెట్టి చూస్తున్నాను. ఆమె ఒక్క మాటతో దాని చుట్టాన్ని పట్టేసింది. పులిసిన దోశ పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి నూనెలో వదిలే పులిబొంగరాలనూ ఎవరూ ఊరికి పంపరు. పొయ్యి దగ్గర నిలబడ్డవాడికే అవి. బెన్యేదీ అదే జాతి. చల్లారితే తోలులా సాగుతుంది. పాకంలో వేసి బతికిద్దామనుకోకండి, పొరలుండే కాజాలాగా అది పాకం పీల్చదు, నానిపోతుంది. మిగల్చాలనుకుంటే పిండినే ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, మర్నాడు పొద్దున వత్తి వేయించుకుంటే ఇంకా రుచి.

తోడుగా న్యూ ఆర్లియన్స్‌లో పాలు పోసిన చికోరీ కాఫీ తాగుతారు. దాని కోసం ప్రత్యేకంగా ఏం వెతుక్కోనక్కర్లేదు, మన ఫిల్టరులో రోజూ దిగేదీ చాలా ఇళ్ళల్లో చికోరీ కలిసిన పొడే. పెద్దమ్మ రెండు తిని, గ్లాసు కాఫీ తాగి, ఉప్పు వేసి ఉల్లిపాయతో చేస్తే ఇంకా బాగుంటాయని తేల్చింది.