జనవరిలో థర్స్‌లీ తుప్పల్లో

ఇంగ్లండులో జనవరి పొద్దు ఎనిమిదింటికి గానీ పొడవదు, సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. పిట్టలకైనా, వాటిని చూడబోయేవాళ్ళకైనా ఉన్న వెలుగు అంతే. అందుకే గిల్ఫర్డ్‌లో ఉండే మా చెల్లెలు తెల్లారకముందే నన్ను లేపి, రెండు జతల మేజోళ్ళు తొడిగించి, థర్స్‌లీ కామన్‌కు బయల్దేరదీసింది. కారులో అరగంట కూడా పట్టలేదు.

అంతా ఇసుక నేల. మోకాలెత్తు హెదర్ పొదలు మాడి గోధుమరంగుకు తిరిగాయి. మధ్యమధ్య ముళ్ళ గోర్స్, అంత చలిలోనూ పసుప్పచ్చ పూలతో. దూరంగా పైన్ చెట్ల గుంపులు. అనంతపురం వాణ్ణి కదా, "దీన్ని మనం బీడు అంటాం కదమ్మా" అన్నాను.

"ఈ బీడును కాపాడ్డానికే ఇక్కడ చెట్లు కొడతారు అన్నయ్యా" అంది.

వేల ఏళ్ళ కిందట మనుషులు అడవి నరికి, పశువుల్ని మేపి, పొదలు పొయ్యిలోకి కోసుకోగా మిగిలిన నేల ఇది. కోత, మేత ఆగాయంటే బర్చ్, పైన్ మొక్కలు కమ్మేస్తాయి. బ్రిటన్ పల్లపు ప్రాంతాల్లో ఇలాంటి పొదల బీడు (హీత్) 1800 నుంచి ఇప్పటికి 80 శాతానికి పైగా పోయింది. అందుకని గూళ్ళు కట్టని ఈ నెలల్లో వాలంటీర్లు రంపాలు పట్టుకొస్తారు. చెట్టు కొడితే పుణ్యం వచ్చే చోటు చూడ్డం నాకు ఇదే మొదలు.

గోర్స్ పొదలోంచి గీరినట్టు ఒక చిన్న కూత. చెల్లెలు నా మోచెయ్యి పట్టి ఆపింది. కాసేపటికి పొద కొసకు ఎక్కింది డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్. పలకరంగు తల, ముదురు ఎరుపు రొమ్ము, కంటి చుట్టూ ఎర్రటి వలయం, నిక్కపొడిచిన పొడుగాటి తోక. ఇలా చూశామో లేదో అలా దిగిపోయింది. 1773లో డార్ట్‌ఫర్డ్ దగ్గరి బెక్స్‌లీ హీత్‌లో దొరికిన పిట్టల వల్ల ఆ పేరు. పురుగులూ సాలీళ్ళే దీని తిండి. అయినా చలికి భయపడి వలసపోదు. ఆ మొండితనానికి 1962-63 శీతాకాలంలో మూల్యం చెల్లించింది. మంచు వారాల తరబడి కరగలేదు, దేశం మొత్తం మీద పదో పదకొండో జంటలు మిగిలాయి. తర్వాత పుంజుకుంది.

ఒంటరి బర్చ్ చెట్టు చిటారుకొమ్మన తెల్లగా ఏదో మెరిసింది. బైనాక్యులర్స్‌లోంచి చూస్తే కళ్ళకు అడ్డంగా నల్లటి పట్టీ, కొక్కెం ముక్కు. గ్రేట్ గ్రే ష్రైక్. చలికాలానికి ఉత్తరపు దేశాల నుంచి బ్రిటన్ మొత్తానికీ కొన్ని మాత్రమే వస్తాయి. నాకు మాత్రం చుట్టపు పిట్టే. దీని దగ్గరి జాతి ఒకటి మన రాయలసీమ తుప్పల్లో ఏడాది పొడుగునా ఉంటుంది. పట్టిన వేటను ముల్లుకు గుచ్చి దాచుకోవడం రెంటికీ అలవాటే.

పైన్ తోపులోకి నడిచాం. ఒక రో జింక బూడిదరంగు చలికాలపు బొచ్చుతో నిలబడి మమ్మల్నే చూసింది. మగది. కొమ్ములకు ఇంకా నూగుతోలు పోలేదు. వీటికి పాతవి శరత్తులో రాలి, కొత్తవి చలికాలంలోనే మొలుస్తాయి. పైన గోల్డ్‌క్రెస్ట్‌లు ఆకు ఆకూ వెతుకుతున్నాయి. బ్రిటన్‌లో అన్నిటికన్నా చిన్న పిట్ట, బరువు చెంచాడు పంచదారంత. రాత్రి చలికి ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది కాబట్టి పగలల్లా తింటూనే ఉండాలి.

2020 మే చివర్లో ఇక్కడ లేచిన మంటకు దాదాపు 150 హెక్టార్లు తగలబడ్డాయి. బురదనేల మీది చెక్కబాట సైతం బూడిదైంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఉండే తెలుగువాళ్ళకు ఒక్క మాట: ఎండాకాలం వెళ్ళినా బార్బెక్యూ మాత్రం ఇంటి పెరట్లోనే పెట్టుకోండి. మార్చి నుంచి జులై దాకా నేల మీద గూళ్ళుంటాయి, కుక్క గొలుసు విప్పకండి.