పసివాని పలుకు – కోనసీమ ప్రయాణము

ఇరువదిరెండు నెలల బిడ్డతో రైలు ప్రయాణము సుఖమైనదని యెవరును జెప్పరు. అయినను మొన్నటి సంక్రాంతికి మేము మా చిన్నవానిని వెంటబెట్టుకొని ఖరగ్‌పూరు నుండి కోనసీమలోని మా పుట్టినింటికి బయలుదేరితిమి. వానికి అమ్మమ్మను జూపుట యొక కారణము. వాని మాటలను గూర్చి మా మనస్సులో నున్న దిగులు రెండవ కారణము. తోడి పిల్లలు గలగల మాటలాడుచుండగా వాని మాటలు బహు స్వల్పముగా నుండెను. వైద్యునిచే చెవులు పరీక్ష చేయించితిమి. వినికిడికి లోపము లేదని తేలినది. అంతట తెలిసినవారు పలువురు, “రెండు భాషలు చెవిని బడుటచేతనే బిడ్డ తికమకపడుచున్నాడు. ఇంట తెలుగు మానివేయుడు” అని హితవు చెప్పిరి. అమ్మమ్మతో మాటలాడుటకు పనికివచ్చు భాషను మానివేయుట మాకు సులభముగా తోచలేదు. బిడ్డకు కీడు చేయుచున్నామేమో యను భయమును విడువలేదు.

ఖరగ్‌పూరు పశ్చిమ వంగమున నున్న రైల్వే పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కర్మాగారములో పనులకై శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి వచ్చిన తెలుగువా రిచ్చట తరతరములుగా స్థిరపడియున్నారు. స్టేషనులోని ప్లాట్‌ఫారము 1,072 మీటర్ల పొడవు గలది. 2013లో గోరఖ్‌పూరున అంతకంటె పొడవైనది వచ్చువరకు ప్రపంచములో నిదియే మొదటిదని పేరుపొందెను. దానిమీద కొంతసేపు నిలిచినచో తెలుగు, వంగము, హిందీ, ఒరియా నాలుగును వినవచ్చును. మావాడు పెరుగుచున్న దిట్టి యూరిలో. మావారును మేమును ఉద్యోగములకు బోవు వేళ పొరుగింటి వంగ వనిత వానిని కన్నబిడ్డవలె చూచుచుండును. ఆమెను మేము దీదీ యని పిలుతుము.

సాయంకాలము బండి కదలినది. సువర్ణరేఖ వంతెన దాటునప్పటికి ఆకాశమున చంద్రుడు కానవచ్చెను. మేము “అదిగో చందమామ!” యని చూపగా, ఎదుటి బల్లమీది వంగ వృద్ధుడు “చాంద్ మామా!” యని తానును చూపెను. చంద్రుని మేనమామను జేయుట యీ రెండు భాషలకును సమానమే గదా యని నవ్వుకొంటిమి. తెల్లవారి ఇచ్ఛాపురము వచ్చినది. స్టేషను పలకలమీద రాత్రి చూచిన వంగాక్షరములును, ఒరియా యక్షరములును పోయి తెలుగక్షరములు నిలిచెను. పలాసలో జీడిపప్పు అమ్మువాని కేక మా చెవులకు పండుగయ్యెను. మావాడు మాత్రము కిటికీ చువ్వలు పట్టుకొని యూరక చూచుచుండెను.

రాజమహేంద్రవరమున దిగి ధవళేశ్వరపు బ్యారేజిమీదుగా కారులో బోయితిమి. 1852లో కాటన్ దొర కట్టించిన ఆనకట్ట ముగిసిన నాటనుండి ఈ డెల్టాకు గోదావరి నీరు కాలువలై పారుచున్నది. గౌతమీ వసిష్ఠల నడుమ నున్న కోనసీమ 2022లో వేఱు జిల్లా యైనది. కాలువ గట్టున కొబ్బరిచెట్ల నీడలో చాలదూరము సాగి, మధ్యాహ్నము దాటునప్పటికి ఇల్లు చేరితిమి.

చేరిన కాసేపటికే వాడు అరుగుమీద నిలిచి “మామ్, మామ్” అనెను. మా అన్నయ్య పరుగున వచ్చి, “నన్నే పిలిచినాడు!” అని యెత్తుకొనెను. వాడు గింజుకొని యేడ్చెను. దింపగా మఱల “మామ్” అనెను. ఆకలియేమో యని అమ్మ బువ్వ కలిపి తెచ్చెను. వాడు మొగము త్రిప్పుకొనెను. తుదకు తానే తప్పటడుగులతో బోయి నీళ్ల బిందెను పట్టుకొనెను. గ్రుక్కెడు నీళ్లు త్రాగిన పిమ్మట గాని యేడుపు మానలేదు.

ఆ రాత్రి దీదీకి ఫోను చేసి యడుగగా ఆమె నవ్వి, వంగదేశమున పసివారితో నీళ్లను మామ్ అందురని చెప్పెను. పెదవులు కలిపి పలుకు మ, ప, బ యను అక్షరములు పసి నోటికి సుళువు. కావుననే అమ్మయు, బువ్వయు, మామయు, ఈ మామ్మును ఒకదాని నొకటి పోలియున్నవి. మఱియొక సంగతి విని సిగ్గుపడితిమి. కాకిని జూచి వాడు “పాకి” యనినప్పుడెల్ల తప్పు పలికెనని తలచి దిద్దుచుంటిమి. వంగమున పాఖీ యనగా పక్షి. తప్పినది మేమే గాని వాడు కాడు.

అప్పటికప్పుడు కాగితము తీసికొని కూర్చుంటిమి. మేమెఱిగిన తెలుగు మాటలు 17. దీదీ చెప్పిన వంగపు మాటలు 23. మొత్తము 40! రెండేండ్లు నిండునప్పటికి సుమారు 50 మాటలును, రెండు మాటలు జతచేయుటయు నుండవలెనని వైద్యులు చెప్పుదురు. మావా డంతగా వెనుకబడియుండలేదు. మేమే సగము లెక్క విడిచితిమి. 1993లో పియర్సన్ మొదలగువారు అమెరికాలో ఇంగ్లీషు, స్పానిషు రెండును నేర్చు 25 మంది పసివారిని పరిశీలించి, రెండు భాషల మాటలను కలిపి చూచినచో వారు ఒకే భాష నేర్చు బిడ్డలకు తీసిపోరని తెలిపిరి. రెండు భాషలు వినుట మాటల యాలస్యమునకు కారణము కాదు.

ఇట్లనుటచే దిగులే వలదని మా భావము కాదు. ఏడాదిన్నర దాటినను ఏ భాషలోను మాటలు రానిచో, పిలిచిన పలుకనిచో, వచ్చిన మాటలు పోవుచున్నచో, “మా వంశమున మాటలాలస్యమే” యని కాలము జరుపక వైద్యునికి జూపి వినికిడి పరీక్ష చేయింపవలెను. అటుపిమ్మట బిడ్డను రోజంతయు చూచువారి నడిగి, వారెఱిగిన మాటలనుగూడ లెక్కింపవలెను.

తిరుగు ప్రయాణమునకు ముందునాటి సాయంకాలము అమ్మ పెరటిలో తులసికోటకు నీళ్లు పోయుచుండెను. వాడు ఆమె కొంగు పట్టుకొని, చెంబువైపు చేయి చాచి, “మామ్ ఇయ్యి” యనెను. మొదటి మాట దీదీది. రెండవ మాట మాది. అమ్మకు వంగము రాదు. అయినను, “ఇస్తానురా నాయనా!” యని చెంబు వాని నోటి కందించెను. ఇంట తెలుగు మానవలెనా యను ప్రశ్నను మఱునాడు మేము రైలెక్కునప్పుడు వెంట తీసికొనిపోలేదు.