శ్రీకూర్మం ఒడ్డున మొగలి డొంకలు

శ్రీకాకుళంలో బస్సెక్కి శ్రీకూర్మంలో దిగితే ముందు కనబడేది కూర్మనాథుని గుడి. అక్కడ పెంచే నక్షత్ర తాబేళ్లను చూడాలని పిల్లలు మారాం చేస్తారు. మేము ఈసారి గుడి వీధి దాటి, సముద్రపు ఒడ్డునున్న మత్స్యకారుల పేటకు నడిచాము. తోటలు తరిగి ఇసుక మొదలయ్యేచోట మొగలి డొంకలు ఎదురయ్యాయి.

ఈ పొదను దగ్గరగా చూచినవారు తక్కువే, ముళ్లు చూడనివ్వవు గదా! పొడవాటి కత్తివంటి ఆకు. రెండంచులకూ, అడుగున నడిమి ఈనెకూ ముళ్లే. ఆకులు కాండం చుట్టూ మరమేకు చుట్లవలె తిరిగి పుడతాయి. కాండంనుండి ఊడలు దిగి, పందిరికి పాతిన రాటలవలె ఇసుకలో నిలుస్తాయి. ఇసుకను పట్టియుంచేది ఆ వేళ్లే.

మొగలిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మన స్త్రీలు జడలో పెట్టుకొనే పువ్వు మగచెట్టుది. ఆ తెల్లని రేకులు నిజానికి రేకులు కావు, పూగుత్తిని కప్పియుండే ఆకులు. ఆడచెట్టుకు అనాసను పోలిన కాయ కాస్తుంది, పండితే నారింజరంగు. పూతకు ఆ సువాసన ఉండదు. ఇచ్ఛాపురం అవతల, ఒడిశాలోని గంజాం జిల్లాలో, మగపువ్వులను రాగి పాత్రలలో నీటితో కాచి, ఆ ఆవిరిని చల్లార్చి కేవడా అత్తరు తీస్తారు. మనవైపు డొంకలకు అంత గౌరవం లేదు.

పేటలో మేము దిగిన ఇంటి వెనుక ఇదివరకు పెద్ద డొంక ఉండేది. పాములు చేరుతున్నాయని ఆ ఇంటి కుమారుడు అడిగితే, "నరికించేయి నాయనా" అన్నది మేమే. పాము వాసనకు రాదు. ఎలుకలూ కప్పలూ ఆ చాటున దొరుకుతాయి గనుక వస్తుంది. చెత్త తీసి, అడుగు శుభ్రం చేస్తే చాలునని అప్పుడు మాకు తోచలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. ఆ గాలికి ఇసుక వంటింటి గడపదాకా వచ్చింది.

"డొంక నరికేస్తే ఇసకని ఎవులు ఆపుతారు అయ్యగారూ?" అని ఆ ఇంటి ముసలమ్మ ఈసారి మమ్మల్నే అడిగింది. మేము తల వంచుకొన్నాము. ఆమె పొరుగు డొంకలోనుండి ఊడలున్న కొమ్మలు నాలుగు కొట్టి తెచ్చి, పెరట్లో వరుసగా పాతించింది. గోతులు తవ్వింది ఆ కుమారుడే. నీళ్లు మోసింది మేము.