ఎక్కువ ఆడినోడే ఫస్టా?

2025 సంక్రాంతి. మా ఊళ్లో చాప పరిచి బావలతో రమ్మీ ఆడుతున్నాం. డబ్బు పందెం లేదు, ఓడినోళ్లు అందరికీ టీ పెట్టాలి. నా చూపు మాత్రం ఫోన్ మీదే.

బెంగళూరులో ఉన్నప్పుడు ఆన్‌లైన్ పోకర్ ఆడేవాణ్ని. ఆ నెల లీడర్‌బోర్డులో నాది 71వ ర్యాంకు. మొదటి వందమందికి ప్రైజులు. కానీ 2020లోనే ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది కాబట్టి ఊళ్లో యాప్ తెరుచుకోదు. రూమ్మేట్ స్క్రీన్‌షాట్లు పంపుతున్నాడు. కనుమ నాటికి 138.

"ఓడిపోయావా?" అన్నాడు బావ.

"లేదు బావా, ఆడట్లేదంతే."

"ఆడకపోతే ర్యాంకెందుకు పడుద్ది?"

చెప్పాను. మా యాప్‌లో ప్రతి పాట్ నుంచి 5 శాతం కంపెనీ తీసుకుంటుంది. దాన్ని రేక్ అంటారు. అందులో మన వాటా ఎంతో, దాన్నిబట్టి మన పాయింట్లు.

బావ ముక్క తీసుకుంటూ, "అంటే వాళ్లకి ఎవరెక్కువ కడితే వాళ్లే ఫస్టన్నమాట" అన్నాడు.

రోజూ డేటాబేస్‌లో 'ఆర్డర్ బై' రాసుకునే నాకు ఆ ముక్క తట్టలేదు!

ఆ రాత్రి లెక్కేశాను. నేను శని, ఆదివారాల్లో మూడేసి గంటలు, రెండు టేబుల్స్. గంటకి టేబుల్‌కి 65 హ్యాండ్స్ అనుకుంటే నెలకి దాదాపు 3,100. దీని మీదే బతికేవాడు నాలుగు టేబుల్స్, రోజుకి 8 గంటలు, పాతిక రోజులు ఆడితే 52,000. నేను ఎంత బాగా ఆడినా ఈ తేడా పూడదు. చిన్న స్టేక్స్‌కి వేరే బోర్డు పెట్టినా అంతే. అతను అక్కడా నాలుగు టేబుల్స్ తెరుస్తాడు.

వాళ్ల వాదనా ఉంది. టేబుల్స్ నడిపేది మేమే, హోల్‌సేల్‌గా కొనేవాడికి కొట్టువాడు తగ్గించి ఇవ్వడా అంటారు. నిజమే. 2015 చివర్లో పోకర్‌స్టార్స్ అలాంటి వాళ్లకిచ్చే ప్రయోజనాలు తగ్గిస్తామంటే, చాలామంది టేబుల్స్ వదిలేసి నిరసన తెలిపారు కూడా. కానీ కొట్టువాడు హోల్‌సేల్ కస్టమర్‌ని ఛాంపియన్ అనడు. అది డిస్కౌంట్ అయితే డిస్కౌంట్ అనే చెప్పాలి. పోటీ అని పేరుపెట్టి నాలాంటి వాళ్లని పిలవకూడదు. ఆ ప్రైజుల్లో మా రేకూ ఉంది. టేబుల్ మీద ఒకసారి ఓడి, లీడర్‌బోర్డులో రెండోసారి ఓడుతున్నాం.

అసలు నష్టం ఇంకోటి. అంతకుముందు డిసెంబరు ఆఖర్లో నేను 104లో ఉన్నాను. వందలోకి రావాలని మూడు రాత్రులు తెల్లవారుజామున మూడింటిదాకా ఆడాను. పొద్దున స్టాండప్ కాల్‌లో నా పేరు పిలిస్తే కూడా వినపడలేదు. 97వ ర్యాంకు, 1,500 రూపాయల ప్రైజు. స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెట్టుకున్నా. ఆ నెల కట్టిన రేక్ 6,400. అది స్టేటస్‌లో పెట్టలేదు. అంటే ఆ బోర్డు సరదాగా ఆడేవాడికి ఇచ్చే బహుమతి కాదు, వాణ్ని సరదా దాటించే ఏర్పాటు.

ఊరినుంచి తిరిగొచ్చాక ఆడటం తగ్గించాను. మానేశానని చెప్పను. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చాక యాపే ఆపేసింది, బ్యాలెన్స్ వెనక్కొచ్చింది.

మొన్న ఆఫీసులో నడక పోటీకి లీడర్‌బోర్డు చెయ్యమన్నారు. మొత్తం అడుగులు కూడితే ఖాళీ ఉన్నవాడే గెలుస్తాడు. అందుకే వారంలో ఎవరికి వాళ్ల బెస్ట్ మూడు రోజులే లెక్కలోకి వచ్చేలా, రోజుకి 10,000 దాటితే పాయింట్లు పెరగకుండా రాశాను. చంటిపిల్ల ఉన్న మా టెస్టర్ మొదటివారం నాలుగో స్థానంలో ఉంది.

బావకి స్క్రీన్‌షాట్ పంపాను. "ఇది ఆటలా ఉంది" అన్నాడు.