కోటను అమ్మని మనిషి

గద్వాల కోటను చూసినప్పుడల్లా దాన్ని కట్టించిన సోమనాద్రి శౌర్యాన్ని మన పిల్లలకు చెబుతుంటాం. కోట కట్టడం గొప్ప సంగతే. ఆశ చూపినవారికి దాన్ని అప్పగించకుండా కాపాడడం మరీ గొప్ప సంగతి. సోమనాద్రికి కొంత ముందు కాలంలో ఇంగ్లండులో జీవించిన కర్నల్ జాన్ హచిన్‌సన్ అటువంటి విశ్వాసి.

1642లో ఆ దేశంలో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. హచిన్‌సన్ పార్లమెంటు పక్షాన నిలిచి, 1643లో నాటింగ్‌హామ్ కోటకు అధిపతి అయ్యారు. రాజు పక్షంవారు ఆయనకు కబురు పంపారు. కోట అప్పగిస్తే 10,000 పౌండ్లు ఇస్తామన్నారు, గొప్ప ప్రభువును చేస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. యుద్ధం ముగిసేసరికి ఆయన సొంత ఇల్లు పాడుపడి ఉంది.

1646లో ఆయన పార్లమెంటు సభ్యుడయ్యారు. 1649లో రాజు మరణశాసనం మీద సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. 1660లో రాజరికం తిరిగి వచ్చింది. అప్పుడు ఆయన పేరిట క్షమాపణ లేఖ రాసింది తానేనని భార్య లూసీ చెప్పింది. ప్రాణం దక్కింది గాని ఆయన మనస్సుకు నెమ్మది లేకపోయింది. 1663లో కుట్ర చేశాడన్న అనుమానంతో ఆయనను పట్టుకుని, విచారణ లేకుండానే చెరలో ఉంచారు. సముద్రతీరాన ఉన్న శాండౌన్ కోటలో బైబిలు చదువుకుంటూ గడిపి, 1664 సెప్టెంబరు 11న కన్నుమూశారు. లూసీ తన పిల్లల కోసం ఆయన జీవితాన్ని రాసిపెట్టింది. అది 1806లో అచ్చయింది. అందులో భర్త ధైర్యంతో పాటు ఆ లేఖ సంగతినీ దాచకుండా రాసింది.

మా ఊరు వనపర్తి దగ్గర. ఒకసారి పంచాయతీ ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి మనిషి మా ఇంటికి వచ్చాడు. ఓటుకు ఇంత అని నోట్లు అరుగు మీద పెట్టి, మందిరానికి ప్రహరీగోడ కట్టిస్తామని కూడా చెప్పి వెళ్లాడు. ఆ ఏడు వానలు లేక పల్లిచేను ఎండిపోయింది. అప్పు తీర్చే గడువు దగ్గర పడింది. నేను నోట్ల వైపు చూస్తుంటే నా భార్య, "పిల్లలు చూస్తున్నరు. వాపసు ఇచ్చి రాండ్రి" అన్నది. ఇచ్చి వచ్చాను. అప్పు తీరడానికి మరో రెండేళ్లు పట్టింది. మందిరానికి ఇప్పటికీ ముళ్లకంపే.

ప్రియ చదువరీ, నాబోతు తన ద్రాక్షతోటను రాజుకైనా అమ్మలేదు. మన చేతిలో కోటలు లేకపోవచ్చు, ఓటు ఉంది, మాట ఉంది. మన తర్వాత మన ఇంటివారు మన జీవితాన్ని ఉన్నది ఉన్నట్టు చెబితే, పిల్లలు తల ఎత్తుకుని వినగలగాలి.